చచ్చినా తూము వదలని నీరటి: మీ ఆటకు కాపలా భూతాన్ని తయారుచేసుకోవడం ఎలా

నల్లగొండలో మేం ఐదుగురం ఆదివారం సాయంత్రాలు డాబా మీద కూర్చుని డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆడతాం, అంటే పాచికలు వేస్తూ మాటలతోనే కథ నడిపే ఆట. కథ నడిపే గేమ్ మాస్టర్‌ని నేను, అందులో ఒక్కో పాత్ర ఆడే ఆటగాళ్ళు మిగతా నలుగురూ. మొదట్లో ఒకసారి కోట కింద నిధి గది పెట్టి, దాని ముందు కాపలాగా మమ్మీని నిలబెట్టాను. రూల్స్‌లో ఉన్న మమ్మీనే, ఒక్క అంకె కూడా మార్చలేదు. మూడు రౌండ్లలో పడిపోయింది. తలుపు తీయబోతూ మా ఆటగాళ్ళలో ఒకావిడ అడిగింది: "ఇంతకీ ఇది ఇక్కడ ఎందుకుంది?" నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రంతా ఆ ప్రశ్నే బుర్రలో తిరిగింది.

అప్పటినుంచి కాపలా భూతాన్ని తయారుచేసే వరస మార్చేశాను. ముందు అతను ఎవరికి ఏం మాట ఇచ్చాడో రాసుకుంటాను. తర్వాత ఒళ్ళు, వేషం. అంకెలు ఆ తర్వాతే. ఈ వరసలోనే ఒక భూతాన్ని మొదటి నుంచి చివరిదాకా మీ ముందే తయారుచేస్తాను. అంకెలన్నీ 2014 నాటి 5వ ఎడిషన్ ప్రకారం ఇస్తున్నాను. ఆ ఎడిషన్ మూల నియమాలు 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద విడుదలయ్యాయి కాబట్టి డబ్బు పెట్టకుండానే మొదలుపెట్టవచ్చు.

దేనికి కాపలా?

మొదట ఈ ప్రశ్నకు జవాబు రాయండి. చాలామంది వెంటనే "నిధికి" అంటారు. లంకెబిందెలకు నాగుపాము కాపలా ఉంటుందనీ, గుప్తనిధి తవ్వితే భూతం రక్తం అడుగుతుందనీ మనం చిన్నప్పటినుంచి విన్నవే. ఆ కథల్లో బలం ఉంది, కానీ ఆటగాళ్ళు దాన్ని ముందే ఊహించేస్తారు. మన చుట్టుపక్కల కాపలా అవసరమైనవి ఇంకా చాలా ఉన్నాయి.

పొలిమేర ఉంది, ఊరి నడుమ బొడ్రాయి ఉంది. దేవరకొండ, రాచకొండ లాంటి పద్మనాయకుల కోటల్లో ఒక ద్వారం దాటితే ఇంకో ద్వారం వస్తుంది. జనం రాకాసి గుళ్ళు అని పిలిచే పెద్ద బండల సమాధులు పొలాల మధ్య కనిపిస్తాయి. నారాయణపేట జిల్లాలో కృష్ణ ఒడ్డున ముడుమాల్‌లో మనిషికి రెండింతల ఎత్తున నిలువురాళ్ళు ఉన్నాయి, 2025లో వాటిని యునెస్కో తాత్కాలిక జాబితాలో చేర్చారు. ఒక్కో రాయి కింద ఒక్కో కావలివాడు నిలబడి ఉన్నాడనుకోండి, అక్కడే ఒక ఆట మొత్తం నడుస్తుంది. 1955లో పునాదిరాయి పడిన నాగార్జునసాగర్ కింద ఏలేశ్వరం లాంటి ఊళ్ళు మునిగిపోయాయి. మునిగిన ఊరి గవిని (ఊరి వాకిలి) దగ్గర ఇంకా నిలబడి ఉన్న కావలికారు ఎవరి కోసం ఎదురుచూస్తుంటాడు?

నేను మాత్రం చెరువు తూమును ఎంచుకున్నాను. మా జిల్లాలో నీళ్ళంటే ఆటలో వెనకాల గీసే బొమ్మ కాదు. బోరు నీళ్ళలోని ఫ్లోరైడ్ వల్ల ఎముకలు వంగిపోయిన మనుషులను చూస్తూ పెరిగాం. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి దేశమంతా వాడే పేరే "నల్లగొండ టెక్నిక్". ఆ బాధను ఆటలో శాపంగానో రోగంగానో వాడొద్దని ముందే నిర్ణయించుకున్నాను, మీరూ వాడకండి. కానీ "నీళ్ళ కోసం ప్రాణం పెట్టాడు" అన్న మాట మా బల్ల చుట్టూ ఉన్న ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. మీ ఊళ్ళో అలాంటిది ఏదో వెతకండి. మీ ఆటగాళ్ళకు చెప్పకుండానే అర్థమయ్యే వస్తువు దొరికితే సగం పని అయినట్టే.

చెరువు దగ్గర కావలివాడు కూడా సిద్ధంగానే ఉన్నాడు. తెలంగాణ ఊళ్ళలో తూము తీసి, మూసి, వంతుల వారీగా పొలాలకు నీళ్ళు పంచే మనిషిని నీరటి అంటారు. నీళ్ళు తక్కువైన ఏడు ఎవరి మడికి ఎంతసేపు అన్నది అతని చేతిలో ఉండేది. పంట వచ్చాక కల్లం దగ్గర ప్రతి రైతూ అతనికి మేర, అంటే పనికి కూలిగా ఇచ్చే గింజలు, కొలిచేవాడు. ఈ "మేర"ను గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

మాట రాయడం

ఒకే ఒక్క వాక్యం రాయండి. అందులో మూడు ఉండాలి: ఎవరికి ఇచ్చాడు, ఏం చేస్తానన్నాడు, ఎప్పటిదాకా. నాది ఇది: "నా పనికి ఇంకొకడు వచ్చేదాకా తూము విడవను, వంతు తప్పనీయను అని ఏడూళ్ళ పెద్దలకు మాట ఇచ్చాడు."

దాని వెనక కథ నాలుగైదు వాక్యాలు దాటకూడదు. ఏడూళ్ళ చెరువు నిండిన ఒక వానరాత్రి కట్టకు బుంగ పడింది. నీరటి గడ్డపార తీసుకొని దిగాడు. మట్టి నిలవకపోతే బుంగకు తన ఒళ్ళే అడ్డం పెట్టాడు. తెల్లారేసరికి కట్ట నిలిచింది, మనిషి లేడు. ఆ ఏడు కల్లం దగ్గర అతని ఇంటివాళ్ళకు ఎవరూ మేర కొలవలేదు. ఇంకో నీరటిని కూడా పెట్టలేదు. వందేళ్ళు గడిచాయి. ఇప్పుడు తూము ఎవరికీ తెరుచుకోదు, ఆయకట్టు చివరి ఊళ్ళు ఎండిపోయాయి.

ఈ కథలో తప్పు అతనిది కాదని గమనించండి. నేను తయారుచేసిన కాపలా భూతాల్లో బాగా పండినవన్నీ ఇలాంటివే. ఊరు అతనికి బాకీ ఉంది. ఆటగాళ్ళు అది తెలుసుకునేలోపు కొట్లాట మొదలైపోతే, ఆ తర్వాత తెలిసినప్పుడు చేతిలోని పాచిక బరువెక్కుతుంది.

ఆటగాళ్ళను అక్కడికి ఎవరు పంపారన్నది కూడా ఇప్పుడే తేల్చుకోండి. మా ఆటలో పై ఊరి దొర పంపాడు. "భూతాన్ని వదిలించండి, వెయ్యి బంగారు నాణాలిస్తాను" అన్నాడు. అతనికి కావలసింది చెరువు ఎండితే బయటపడే శిఖం భూమి. మా ఆటగాళ్ళలో ఒకతను ఆ మాట వినగానే పెన్ను కింద పెట్టేశాడు. శిఖం భూమి తగాదా వినని ఊరు మా దగ్గర లేదు.

ఒళ్ళు, వేషం, నీడ

ఎముకల గూడు, వేలాడే చర్మం, మెరిసే కళ్ళు అందరికీ తెలిసినవే, పక్కన పెట్టండి. అతను చేసిన పని నుంచే ఒళ్ళు రావాలి. మన నీరటి ఒళ్ళు ఎండి పగుళ్ళిచ్చిన చెరువు మట్టి. పగుళ్ళలోంచి తుంగ మొలిచి ఉంటుంది. భుజం మీద తడి ఆరని గొంగడి, చేతిలో గడ్డపార. కడుపు ఉండాల్సిన చోట గుండ్రటి బొక్క, అందులోంచి సన్నగా నీళ్ళు కారుతుంటాయి. బుంగకు అడ్డం పెట్టిన చోటు అది. వాసన కూడా చెప్పండి: మొదటి వానకు తడిసిన ఎండు బురద వాసన. కంటికి కనిపించేదానికన్నా వాసనకే ఆటగాళ్ళు త్వరగా కదులుతారని నా అనుభవం.

నీడ సంగతి పానగల్లులో దొరికింది. నల్లగొండ పక్కనే ఉన్న ఛాయా సోమేశ్వరాలయంలో గర్భగుడి లింగం మీద స్తంభం నీడ పగలంతా కదలకుండా ఉంటుంది. పొద్దు ఎటు తిరిగినా అది అక్కడే. స్తంభాల అమరిక వల్ల వెలుతురు పలు వైపుల నుంచి చెదిరి లోపలికి రావడమే దానికి కారణం. కందూరు చోళుల కాలపు ఆ గుడికి దగ్గర్లోనే ఉదయసముద్రం చెరువు ఉంది. ఒకసారి గుడి చూసి చెరువు కట్ట మీదికి వచ్చి నిలబడితే, నీరటి నీడ ఎలా ఉండాలో తెలిసిపోయింది. కాగడా ఎటు తిప్పినా అతని నీడ కదలదు, ఎప్పుడూ తూము వైపే పడి ఉంటుంది. చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. ఆటగాళ్ళు మాత్రం పది నిమిషాలు దాని గురించే మాట్లాడుకున్నారు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. చెరువు కట్టల మీద కట్ట మైసమ్మ ఉంటుంది. జనం ఇవాళ్టికీ కొబ్బరికాయ కొట్టి మొక్కే తల్లి ఆమె. పోతురాజు, ఎల్లమ్మ, ఊరి దేవతలు ఎవరైనా సరే, వాళ్ళకు హెచ్‌పీ (ఎన్ని దెబ్బలకు ఓర్చుకుంటారో చెప్పే ప్రాణబలం అంకె) రాసి కొట్టించకండి. నీరటి మనిషి, మాట ఇచ్చి ఆగిపోయిన మనిషి, అతన్ని మనం కల్పించుకోవచ్చు. కట్ట మీద మైసమ్మ గద్దె ఉందని చెప్పి, అక్కడ నీరటి ఎవరి మీదా చెయ్యి ఎత్తడని నియమం పెట్టాను. మా ఆటలో గాయపడ్డవాళ్ళు ఊపిరి పీల్చుకున్న చోటు అదే.

అతను చేయని పనులు

కాపలా భూతానికి ప్రాణం పోసేది అతను ఏం చేస్తాడన్నది కాదు, ఏం చేయడన్నది. మూడు నియమాలు రాసుకోండి. నీరటి కట్ట దిగి రాడు. దోసిలితో నీళ్ళు తాగేవాళ్ళను, పశువులను తాగనిచ్చేవాళ్ళను ఏమీ అనడు. అడగకుండా కొట్టడు, ముందు ఎప్పుడూ ఒకే ప్రశ్న వేస్తాడు: "ఇయ్యాల ఎవల వంతు?"

ఈ నియమాలను ఆట మధ్యలో మీరే తప్పకండి. గేమ్ మాస్టర్ ఒక్కసారి తప్పితే ఆటగాళ్ళు మళ్ళీ వాటిని నమ్మరు, అప్పుడు వాళ్ళకు మిగిలేది కత్తి ఒక్కటే.

అంకెలు

మా వాళ్ళు నలుగురూ నాలుగో లెవెల్. నలుగురికి కలిపి మధ్యస్థం పోరు హద్దు 1000 ఎక్స్‌పీ (గెలిస్తే వచ్చే అనుభవ పాయింట్లు), కష్టమైనదాని హద్దు 1500. ఛాలెంజ్ రేటింగ్ (రాక్షసుడు ఎంత గట్టివాడో చెప్పే అంకె) 4 ఉన్న రాక్షసుడికి 1100 ఎక్స్‌పీ వస్తుంది. చెరువు కూడా అతని వైపే పోరాడుతుంది కాబట్టి 4 దగ్గరే ఆగాను.

తూము నీరటి. మధ్యస్థ సైజు, అన్‌డెడ్ (చచ్చినా తిరిగే జీవి).
ఏసీ (అతనికి దెబ్బ తగలాలంటే పాచిక చేరాల్సిన అంకె) 14, హెచ్‌పీ 119 (14డీ8+56, అంటే ఎనిమిది ముఖాల పాచికలు పద్నాలుగు, దానికి 56), నడక 30 అడుగులు, ఈత 40 అడుగులు.
బలం 17, చురుకు 8, దేహదారుఢ్యం 18, తెలివి 9, వివేకం 14, ఆకర్షణ 10.
విషం అంటదు, అలసట రాదు. చీకటిలో 60 అడుగుల దాకా చూస్తాడు.
దాడి: ఒక వంతులో రెండు గడ్డపార పోట్లు. ఒక్కో పోటుకు వేసే పాచికకు +5, తగిలితే 1డీ10+3 పోటు నష్టం, దానికి తోడు 2డీ4 చలి నష్టం.
నీటి లాగుడు (రీఛార్జ్ 5–6, అంటే వాడాక ఆరు ముఖాల పాచికలో 5 గానీ 6 గానీ పడితేనే మళ్ళీ వస్తుంది): 30 అడుగుల లోపు ఉన్న ఒకరు డీసీ 14 బలం సేవ్ వేయాలి, అంటే తప్పించుకోవడానికి పాచిక, బలం కలిపి 14 చేరాలి. తప్పితే తూము వైపు 20 అడుగులు జారిపోతారు.

లెక్క ఎలా కుదిరిందో చూడండి. ఛాలెంజ్ రేటింగ్ 4కి ప్రొఫిషియెన్సీ (నైపుణ్యానికి కలిపే అంకె) +2. బలం 17 అంటే +3, రెండూ కలిపి దాడికి +5. దేహదారుఢ్యం +4, దానికి రూల్స్ ప్రకారం 8, ప్రొఫిషియెన్సీ 2 కలిపితే డీసీ 14. రెండు పోట్లూ తగిలితే సగటున 27 నష్టం. గేమ్ మాస్టర్ల కోసం ఉన్న డంజియన్ మాస్టర్స్ గైడ్‌లోని పట్టిక ఈ రేటింగ్‌కు హెచ్‌పీ 116 నుంచి 130, రౌండ్‌కు నష్టం 27 నుంచి 32 అంటుంది, కాబట్టి సరిపోయింది. మా బల్ల దగ్గర నలుగురూ కలిసి రౌండ్‌కు దాదాపు 25 నుంచి 30 దాకా నష్టం చేస్తారు. అంటే నీరటి నాలుగు రౌండ్లు, బాగుంటే ఐదు నిలుస్తాడు. కథ బయటపడటానికి ఆ సమయం చాలు. రెండో లెవెల్ ఆటగాళ్ళయితే హెచ్‌పీ 90కి దించి, ఒకే పోటు ఉంచి, చలి నష్టాన్ని 4డీ4 చేయండి.

అన్‌డెడ్ కదా అని మామూలు ఆయుధాలకు సగం నష్టమే అన్న నియమం పెట్టాలనిపిస్తుంది. పెట్టకండి. ఈ లెవెల్‌లో చాలామంది దగ్గర మంత్రించిన ఆయుధం ఉండదు, హెచ్‌పీ రెట్టింపైనట్టే అవుతుంది. పోరు సాగి సాగి విసుగొస్తుంది.

క్లెరిక్ (దైవశక్తి వాడే పాత్ర) విషయంలో నాకు ముందుగా తట్టని చిక్కు ఒకటి వచ్చింది. అన్‌డెడ్‌ను తరిమే టర్న్ అన్‌డెడ్ అనే శక్తిని క్లెరిక్ వాడితే వివేకం సేవ్ తప్పిన అన్‌డెడ్ నిమిషం పాటు పారిపోవాలి. కాపలావాడు కాపలా వదిలి పరుగెత్తితే అతని కథే పోతుంది. అలాగని ఆ శక్తి పనిచేయదంటే క్లెరిక్ ఆడే మనిషికి అన్యాయం. అందుకే ఇలా మార్చాను: సేవ్ తప్పితే నీరటి తూము లోపలికి దిగి, నిమిషం పాటు, లేదా ఎవరైనా దెబ్బ వేసేదాకా, బయటికి రాడు. ఆ నిమిషంలో ఆటగాళ్ళు కట్టంతా వెతుక్కోవచ్చు. క్లెరిక్ సంతోషించింది, కథా నిలిచింది.

చివరిగా, అతను సున్నా హెచ్‌పీకి వస్తే ఏమవుతుంది? బురదై కూలిపోతాడు. మాట తీరకపోతే మర్నాడు పొద్దు గూకేసరికి నిండు హెచ్‌పీతో లేస్తాడు. తొలిసారి కూలేటప్పుడే దీనికి సూచన ఇవ్వండి. బురద ఆరదు, నీడ మాత్రం తూము వైపు అలాగే పడి ఉంటుంది.

కట్ట మీద పోరు

కాగితం మీద ఒక పొడవాటి గీత గీయండి. కట్ట వెడల్పు 15 అడుగులు, అంటే మూడు గళ్ళు. ఒక పక్క నీళ్ళు, ఇంకో పక్క పొలాల్లోకి వాలు. నడుమ తూము, ఒక చివర మత్తడి (నిండిన నీళ్ళు పొర్లే చోటు), ఇంకో చివర మైసమ్మ గద్దె.

ఒక్కడికి నలుగురు ఎదురైతే ఆ ఒక్కడు ఓడిపోతాడు, ఎందుకంటే వాళ్ళకు నాలుగు వంతులు, అతనికి ఒకటే. అందుకని ప్రతి రౌండ్‌లో ఇనిషియేటివ్ (ఎవరి వంతు ముందో తేల్చే లెక్క) 20 దగ్గర చెరువుకు ఒక వంతు ఇచ్చాను. అల కొడితే నీటి అంచున ఉన్నవాళ్ళు డీసీ 14 బలం సేవ్ తప్పితే పడిపోతారు. మంచు దిగితే తర్వాతి రౌండ్ దాకా 10 అడుగులు దాటి కనిపించదు.

మూడోది బుంగ. ఈ పోరుకు గుండెకాయ ఇదే. కట్టలో ఒక చోట మట్టి జారి నీళ్ళు చిమ్ముతాయి, ఆ పది అడుగుల మేర కాళ్ళు కూరుకుపోతాయి. ఆ క్షణంలో నీరటి ఎవరితో కొట్లాడుతున్నా వదిలేసి బుంగ వైపు పరుగెత్తుతాడు. తన వంతు మొత్తం దాన్ని పూడ్చడానికే వాడతాడు, తన వెన్ను వైపు ఉన్న శత్రువుల సంగతి పట్టించుకోడు. దీన్ని రెండో రౌండ్‌లోనే జరిపించండి, ఆలస్యం చేయకండి. మా ఆటలో ఫైటర్ ఆ వెన్నులో కత్తి దించబోయి ఆగిపోయాడు. "ఆయన చేసేది అడ్డుకుంటే కింద ఊరు మునుగుతుంది కదా?" అని అడిగి, కత్తి పడేసి మట్టి తవ్వి పోయడం మొదలుపెట్టాడు. నేను ఆ పోరును ఏ అంకెతోనూ అంత బాగా నడిపించలేకపోయేవాణ్ణి.

జాడలు

నిజం తెలిసే దారి ఒక్కటే పెడితే ఆటగాళ్ళు దాన్నే దాటిపోతారు. మూడైనా పెట్టండి, ఒకదానికొకటి పోలిక లేకుండా.

నాకు ఇష్టమైనది వీరగల్లు, అంటే చనిపోయిన వీరుడి గుర్తుగా నిలిపే రాయి. మన దగ్గర వీరగల్లుల్లో సాధారణంగా కింద పోరు, దాని పైన వీరుణ్ణి స్వర్గానికి తీసుకుపోయే అప్సరసలు, అన్నిటికన్నా పైన శివలింగం చెక్కి ఉంటాయి. కట్ట మీది రాయిలో కింది వరసలో కత్తికి బదులు గడ్డపార పట్టిన మనిషి ఉన్నాడు. పై రెండు వరసలూ చెక్కకుండా వదిలేశారు. అతను ఇంకా వెళ్ళలేదు. ఈ ఖాళీ రాయి చూసి మా ఆటగాళ్ళే ఆ మాట అన్నారు, నేను చెప్పలేదు.

రెండోది ఆయకట్టు చివరి ఊళ్ళో ఒక ముసలమ్మ. "మా తాత చచ్చిపోయేదాకా అదే అనేటోడు బిడ్డా, నీరటోళ్ళకు మేర కొలవలేదని" అంటుంది. మూడోది కదలని నీడ.

బల్ల దగ్గర

అతని గొంతు నెమ్మదిగా ఉండాలి. అరవకండి. "తూము ముట్టకుర్రి. వంతు కాలే" అని మామూలుగా, పని అలసట ఉన్న మనిషిలా అనండి. ప్రశ్న వేశాక ఆగండి. పది సెకన్లు ఎవరూ మాట్లాడకపోయినా ఆగండి. గేమ్ మాస్టర్లకు ఆ నిశ్శబ్దం టెన్షన్ పెడుతుంది, తొందరపడి ఇనిషియేటివ్ వేయమనేస్తాం. అది వద్దు.

"ఇయ్యాల ఎవల వంతు?" అన్నదానికి సరైన జవాబు: చివరి ఊరిది. వందేళ్ళుగా వంతు రానిది వాళ్ళకే. ఆ జవాబు చెబితే అతను గడ్డపార దించుతాడు, కానీ కదలడు. కదలాలంటే రెండు జరగాలి. ఏడూళ్ళ నుంచీ అతని మేర గింజలు తెచ్చి కట్ట మీద కొలవాలి, ఇంకొకరు నీరటిగా తూము పట్టుకోవాలి. గింజలు అడగడానికి ఊరూరూ తిరగడమే మాకు ఒక ఆదివారమంతా పట్టింది. మొదటి ఊరు తలుపు తీయలేదు. నాలుగో ఊరు రెండింతలు ఇచ్చింది. దొర అడ్డుపడ్డాడు, అసలు కొట్లాట అతని మనుషులతోనే జరిగింది.

అతన్ని సాగనంపినా 1100 ఎక్స్‌పీ మొత్తం ఇవ్వండి, చంపినదానికన్నా ఒక్కటీ తగ్గించకండి. దొర వెయ్యి నాణాలు ఎలాగూ రావు, కాబట్టి గొంగడి మిగిలిపోయిందని చెప్పండి: కప్పుకున్నవాళ్ళకు చలి నష్టం సగమే. మా ఆటలో ఆ గొంగడి కోసం ఎవరూ పోటీపడలేదు. కొత్త నీరటిగా నిలబడిన పదహారేళ్ళ అమ్మాయి భుజం మీద దాన్ని వేసి, మొదటి వంతు నీళ్ళు చివరి ఊరు చేరేదాకా నలుగురూ కట్ట మీదే కూర్చున్నారు.